పెట్టెకు నాలుగు తాళములు

బారువ వద్ద మహేంద్రతనయ సముద్రమున గలియును. ఒకప్పుడు ఓడలు లంగరు వేసిన ఆ రేవున నేడు దీపస్తంభము, కొబ్బరితోటలు, ఇసుకపై ఆరుచున్న వలలు మాత్రము మిగిలినవి. కొంతకాలము క్రిందట ఒక తెల్లవారుజామున ఆ యూర నడచుచుండగా, ఇంటి ముందర ఆగిన ఆటోలోనికి భర్తను చేయిపట్టి ఎక్కించుచున్న యొక యిల్లాలిని చూచితిని. సోంపేట ఆసుపత్రికి, డయాలసిస్ నిమిత్తము, వారమునకు రెండుమారులు సాగు ప్రయాణమది. ప్రభుత్వపు సాయము సరిగా నందుచున్నదా యని యడిగితిని. "మందులు గవర్నమెంటోలు ఇస్తన్నారు బాబూ, పింఛనీ కూడా ఇస్తన్నారు. పక్కన కూకోడానికి మనిషెవులు? నానెల్తే ఆ దినం కూలి పోద్ది, నానెల్లకపోతే ఆయనొక్కడే" అని ఆమె కోపము లేక, లెక్క చెప్పినట్లు చెప్పిన మాట నన్ను నేటికిని విడువలేదు.

తెలుగు క్రైస్తవులు తాము కూడి ప్రార్థించు సమూహమును సంఘమందురు. కులమతములతో నిమిత్తము లేక ఊరివారందరు గలిసి బ్రతుకుచున్న సమాజమును గూడ మనము సంఘమే యనుచుందుము. సంఘసంస్కరణమనునపుడు, సాంఘిక న్యాయమనునపుడు మన మనస్సున మెదలునది ఆ పెద్ద సంఘమే. ఒకే మాట రెండింటికి అమరుట యాదృచ్ఛికము గావచ్చును గాని, ఆ చిన్న సంఘము ఈ పెద్ద సంఘమునకు ఏమి ఋణపడియున్నది, ప్రహరీగోడ లోపల వినబడు వాక్యము వెలుపలి వీథిలో ఏ పనిగా మారవలెను అను ప్రశ్న ఆ మాటలోనే పొందుపడియున్నట్లు నాకు తోచును. ఈ ప్రశ్నను లూథరన్ సంఘమును ఆధారముగా జేసికొని విచారింపదలచితిని. ఏలయన, మన యాంధ్రదేశమున నూటయెనుబది యేండ్లకు పైబడిన చరిత్ర గలిగి, మేలునకును లోపమునకును గూడ సాక్ష్యము చూపగలిగిన సంఘమది.

మార్టిన్ లూథరు పేరు చెప్పగానే 1517 అక్టోబరు 31వ తేదియు, విట్టెన్‌బర్గు దేవాలయ ద్వారమును స్మరణకు వచ్చును. ఆరేండ్ల తరువాత, 1523లో, సాక్సనీ యందలి లైస్నిగ్ అను చిన్న పట్టణపు సంఘము చేసికొనిన యొక కట్టుబాటును, దానికి ఆయన వ్రాసిన పీఠికను ఎరిగినవారు తక్కువ. దేవాలయమునకు వచ్చు రాబడులు, దానధర్మములు, మరణశాసనముల వలన లభించు సొమ్ము, సర్వమును ఒక ఉమ్మడి పెట్టెలో వేయవలెననియు, అందుండి బోధకుని జీతము, బడిపంతులు జీతము, బాలికలకు చదువు చెప్పు స్త్రీకి భృతి, అనాథులకు వృద్ధులకు పోషణ, పనిముట్లు కొనుటకు శక్తి లేని చేతిపనివారికి అప్పు ఈయవలెననియు ఆ కట్టుబాటు శాసించినది. ధర్మకర్తలు పదిమంది: ఇద్దరు ప్రభువంశీయులు, ఇద్దరు నగరసభవారు, ముగ్గురు పట్టణపు పౌరులు, ముగ్గురు పల్లెల రైతులు. ఆ పెట్టెకు నాలుగు తాళములు. నాలుగు తాళపుచెవులు ఆ నాలుగు వర్గముల వారి చేతులలో నుండవలెను. ఏ యొక్కరు రాకున్నను పెట్టె తెరచుకొనదు.

ఇందలి గొప్పతనము దానము చేయుటలో నున్నదని నేను తలచను. దానము ఏ మతమునకును క్రొత్త గాదు, మన సత్రములును చలివేంద్రములును దానికి సాక్ష్యములు. పల్లెరైతు చేతిలో గూడ ఒక తాళపుచెవి యుండుట, అతడు లేనిదే ప్రభువు సైతము ఆ పెట్టెను తాకలేకపోవుట, ఇది గొప్ప. పుచ్చుకొనువాడు ఇచ్చువాని సరసన గూర్చుండి, ఎంత యీయవలెను, ఎవరికి ముందు అని నిర్ణయించు దినమున దానము న్యాయమగును. అంతవరకు అది దయ మాత్రమే. దయ మంచిదే గాని, దయ గలవాని మనస్సు మారిన దినమున అది యాగిపోవును. లైస్నిగ్ నగరసభ తన చేతనున్న నిధులను అప్పగించుటకు వెనుదీసినందున ఆ యేర్పాటు అనుకొన్నట్లు సాగలేదని చరిత్ర చెప్పుచున్నది. తాళపుచెవిని పంచుకొనుట ఎంత కష్టమో ఆ యూరిలోనే తేలినది.

మన దేశమునకు వత్తము. 1842 జూలై 31న గుంటూరు చేరిన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యరు నాటికి నలువదితొమ్మిదేండ్ల వాడు. నందన కరువు ఆ సీమను ఊళ్లకు ఊళ్లుగా పాడుపెట్టి పదేండ్లు మాత్రమే గడచినవి. నాటి కలెక్టరు హెన్రీ స్టోక్సు ఆదరణతో ఆయన బడులు పెట్టి పని యారంభించెను. నడుమ స్వదేశమునకేగి వైద్యవిద్య నభ్యసించి తిరిగి వచ్చి పలనాట సంచరించెను. డెబ్బదియారేండ్ల వయస్సున, రాజమహేంద్రవరపు క్షేత్రము లూథరనుల చేజారిపోవుచున్నదని విని, మూడవమారు ఓడ యెక్కెను. ఆయన నాటినది ఆంధ్ర సువార్త లూథరన్ సంఘముగా 1927లో స్వతంత్ర రూపము దాల్చినది. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాల 1885 నుండి ఎన్ని తరముల తెలుగువారికి చదువు చెప్పినదో, వారిలో క్రైస్తవేతరులెందరో, కృష్ణా గుంటూరు మండలముల పాత కుటుంబముల నడిగినచో తెలియును.

అయితే నా దృష్టిలో ఆ చరిత్రయంతటికి వెన్నెముక వంటిది డాక్టరు అన్నా సారా కుగ్లరు జీవితము. ఆమె 1883లో గుంటూరునకు వచ్చినది వైద్యురాలను హోదాతో గాదు. స్త్రీల నడుమ బోధనకు పంపబడిన ఆమె, పట్టా పుచ్చుకొనిన వైద్యురాలయ్యును, వైద్యసేవకు మిషనువారి యధికారిక నియామకము కొరకు 1885 వరకు వేచియుండవలసి వచ్చినది. పురుషవైద్యుని ముఖము చూడని గోషా స్త్రీ ప్రసవవేదనతో లోపలి గదిలో ప్రాణము విడుచుచుండిన దినములవి. కాగితము వచ్చువరకు ఆమె చేతులు కట్టుకొని కూర్చుండలేదు. ఇంటింటికి మందుల సంచితో వెళ్లెను. 1898లో స్త్రీలకు, శిశువులకు ఆసుపత్రి తెరచెను. వాడను బట్టి మనిషిని, బావిని బట్టి కులమును గుర్తించుచుండిన యా కాలమున, అగ్రవర్ణపు బాలింతకు, మాలమాదిగ పల్లెల బాలింతకు ఆ గోడల నడుమ ఒకే చేతులు సేవచేసినవి. తన యింటివారికి జరిగిన మేలునకు కృతజ్ఞతగా ఏలూరు జమీందారు, హైందవుడు, రోగుల బంధువులు దిగుటకు సత్రము కట్టించెను. 1930లో ఆమె గుంటూరులోనే కన్నుమూసెను. ఆమె పేరనే ఆ యాసుపత్రి నేటికిని కుగ్లర్ ఆసుపత్రి యనబడుచున్నది.

ఆ సత్రమును గూర్చి మరియొక మాట చెప్పక ముందుకు సాగలేను. రోగికి మంచమున్నది, మందున్నది; రోగి వెంట వచ్చినవారి గతి యేమి, వారెక్కడ వండుకొందురు, ఎక్కడ పరుండుదురు అను ఆలోచన నూరేండ్ల క్రిందటనే ఒక మనిషికి వచ్చినది. బారువ యిల్లాలు నాతో చెప్పినది ఆ మాటయే.

మన యుత్తరాంధ్రకు లూథరనులు మరియొక త్రోవన వచ్చిరి. జర్మనీ ఉత్తరపు కొస యందలి బ్రెక్లుం గ్రామపు మిషను పంపిన బోథ్‌మన్, పోల్ అను నిరువురతో 1882లో ఆరంభమైన పని కోరాపుట్ కొండలలోను, వాటి దిగువన సాలూరు, పార్వతీపురము ప్రాంతములలోను వ్యాపించి, జయపురము లూథరన్ సంఘమైనది. సాలూరులో కుష్ఠురోగులకు వెలసిన ఆసుపత్రికి ఫిలడెల్ఫియా అని పేరు. గ్రీకు భాషలో ఆ మాటకు సోదరప్రేమ యని యర్థము. కన్నతల్లియే గిన్నె దూరముగా నెట్టిన రోగిని చేయిపట్టి లోపలికి బిలిచిన చోటునకు అంతకంటె తగిన పేరు దొరకదు.

ఇంతటి సేవ చేసిన సంఘము తాళపుచెవులను పంచినదా? ఇచ్చట నాకు విచారము కలుగుచున్నది. ఆంధ్ర లూథరనులలో అత్యధికులు దళితులు. వారికి అక్షరము వచ్చినది, కొందరికి ఉద్యోగము వచ్చినది, తలయెత్తి నడచు ధైర్యము వచ్చినది. కాని మాలపల్లె, మాదిగపల్లె అను భేదము దేవాలయపు మెట్లు గూడ ఎక్కి లోపల కూర్చున్నదని ఆ సంఘమువారే యొప్పుకొందురు. గుర్రం జాషువ కవి గుంటూరు లూథరన్ ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో సుమారు పదేండ్లు పంతులుగా నుండెను. కాటికి పోవువరకు వదలని కులమును గూర్చి 'గబ్బిలము' వ్రాసిన యా మహనీయునకు మతము మారినంతమాత్రమున కులము మారదని పుస్తకములు చదివి తెలిసికొనవలసిన పని లేకపోయెను. సంఘపు ఆస్తులకును పదవులకును సంబంధించిన తగవులు దశాబ్దములుగా న్యాయస్థానముల చుట్టు తిరుగుచున్నవి. బడులకై, ఆసుపత్రులకై ఎవరో పేదలు దూరదేశమున కూడబెట్టి పంపిన సొమ్ముతో ఏర్పడిన ఆస్తులపై వ్యాజ్యములు నడచుట చూడగా, తాళములు నాలుగు కాక ఒక్కటియే మిగిలినచో జరుగునది ఇదియేనని చెప్పకతప్పదు.

రాజ్యము చేసిన యన్యాయము వేరు. 1950 నాటి రాష్ట్రపతి యుత్తర్వు షెడ్యూల్డు కులముల హోదాను మతముతో ముడివేసినది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ ముడి సడలింపబడెను గాని, క్రైస్తవ దళితునకు సడలలేదు. మన రాష్ట్రమున అతనిని వెనుకబడిన తరగతుల 'సి' వర్గమున జేర్చి ఒక శాతము రిజర్వేషనుతో సరిపుచ్చిరి. రంగనాథ మిశ్రా సంఘము 2007లోనే ఆ ముడి విప్పవలెనని సిఫారసు చేసినది. ఆ విషయమునే మరల విచారించుటకు 2022లో బాలకృష్ణన్ సంఘమును నియమించిరి. ఊరు తనను వెలివేయుటకు కులము చాలును, చట్టము తనను ఆదుకొనుటకు మాత్రము మతము అడ్డు వచ్చును అనిపించుకొనిన మనిషి కొరకు మాటాడని సంఘము సాంఘిక న్యాయమను మాటను ఉచ్చరింపదగదు. ఈ విషయమున లూథరనులు ఇతర క్రైస్తవ సంఘములతో గలిసి సభలు జరిపి, వినతులు సమర్పించుచు వచ్చిరి. దానిని నేను మనసార అభినందించుచున్నాను.

ఇక మన తీరమునకు. పూర్వము మిషనులు తెలుగుదేశమును హద్దులు గీసికొని పంచుకొనినపుడు గుంటూరు, పలనాడు, గోదావరీతీరము లూథరనులకు వచ్చినవి; కాకినాడ మొదలు పర్లాకిమిడి వరకు గల సముద్రతీరము కెనడా బాప్టిస్టుల వంతు. అందువలన బారువ పరిసరముల లూథరన్ గంట మ్రోగలేదు. కాని పాటకు హద్దులు లేవు: పర్లాకిమిడి సీమలో పుట్టిన పురుషోత్తమ చౌదరి (1803–1890) కట్టిన కీర్తనలను గుంటూరు లూథరనులు ఆదివారమాదివారము పాడుకొనుచున్నారు. బారువకు కూతవేటు దూరమున, సోంపేటలోని ఆరోగ్యవరము కంటి ఆసుపత్రిలో డాక్టరు బెన్ గలిసన్ అను బాప్టిస్టు వైద్యుడు పల్లెటూరి పేదల కన్నులకు చికిత్స చేయుచు, సెలవుపై కెనడాకు వెళ్లి చెప్పిన సంగతులు విని, కాల్గరీ పట్టణమున ఆర్ట్ జెంకిన్స్ అను వర్తకుడు 1963లో ఆరంభించిన 'ఆపరేషన్ ఐసైట్' సంస్థ తరువాత ఆసియా ఆఫ్రికా ఖండముల ఎన్నో దేశములకు విస్తరించెను. ప్రపంచమున ఎక్కడెక్కడో ఎవరెవరి కంటి పొరయో తొలగినదనిన, దాని మొదలు మన సోంపేటలో నున్నదని ఈ తీరపు బడిపిల్లలలో ఎందరికి జెప్పితిమి?

ఉద్దానమనగా ఉద్యానవనమని పెద్దలు చెప్పుదురు. కొబ్బరి, జీడి, పనస, మామిడి చెట్ల నీడన చిన్న చిన్న యూళ్లు. ఆ తోటలో మూడు దశాబ్దములకు పైగా మూత్రపిండముల వ్యాధి చాపక్రింద నీరువలె వ్యాపించినది. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురము మండలములలో ఈ వ్యాధి తాకని వీథి యరుదు. మధుమేహము లేదు, రక్తపుపోటు లేదు. పొలములో నిన్నటివరకు పనిచేసిన మనిషికి నేడు క్రియాటినిన్ పెరిగినదందురు. త్రాగు నీరా, చల్లు పురుగుమందా, మండుటెండలో చేయు పనియా, నొప్పిమాత్రలా, అన్నియు గలిసియా యని పరిశోధకులు ఎన్నియో ఏండ్లుగా తర్కించుచున్నారు గాని కారణము ఇదమిత్థమని తేలలేదు. ప్రభుత్వము ఊరకున్నదనుట అధర్మము. హిరమండలము జలాశయము నుండి సుమారు 700 కోట్ల రూపాయల వ్యయముతో ఉద్దానమునకు మంచినీటి పథకమును, పలాసలో 200 పడకల ఆసుపత్రియు, కిడ్నీ పరిశోధన కేంద్రమును 2023 డిసెంబరు 14న ఆరంభమైనవి. డయాలసిస్ రోగికి నెలకు పదివేల రూపాయల పింఛను వచ్చుచున్నది.

పింఛను వచ్చిన యింట గూడ పని చేయు చేయి పడిపోయినది. పలాస జీడి కార్ఖానాలలో ఉడికించిన పిక్క కొట్టి, జీడి చమురునకు వ్రేళ్లు నల్లబడి పొక్కులెక్కిన స్త్రీ, భర్తను ఆసుపత్రికి దీసికొనిపోవు దినమున కూలి వదలుకొనవలెను. కుమారుడు ఏ పట్టణముననో భవనముల పనిలో నున్నాడు. 2018 అక్టోబరు 11 వేకువన తితలీ తుపాను పెకలించిన కొబ్బరిచెట్లకు బదులు నాటిన మొక్క కాపునకు రావలెనన్న ఏండ్లు పట్టును. ఆ నడుమ చేసిన అప్పు ఆగదు. రోగము ఒకటి, దారిద్ర్యము ఒకటి, ఒంటరితనము ఒకటి. మొదటి రెండింటికి ప్రభుత్వము కొంత చేయగలదు. మూడవదానికి ఏ పథకమును లేదు, ఉండబోదు. అది సంఘము చేయవలసిన పని.

న్యాయమునకు వేరొక ముఖమును ఈ తీరము చూచినది. సోంపేట బీల, అనగా వాననీరు నిలిచి చేపలకు, పైరులకు, పశువులకు ఆధారమైన పల్లపు తడినేల, థర్మల్ విద్యుత్కేంద్రమునకు ఇచ్చివేయబడినపుడు చుట్టుప్రక్కల రైతులు, జాలరులు ఎదిరించి నిలిచిరి. 2010 జూలై 14న పోలీసు కాల్పులలో ప్రాణములు పోయినవి. అచట విద్యుత్కేంద్రము రాలేదు, బీల మిగిలినది. ఆ పోరాటమున తాళపుచెవిని జనము తమంత తామే చేతబట్టిరి. తుపాను వచ్చినపుడు బియ్యమును దుప్పట్లును పంచుటకు ముందుకు వచ్చు మతసంస్థలు, ఏ మతమువైనను, బీల వంటి తగవు వచ్చినపుడు ఎక్కడ నుండును? దుప్పటి పంచుటకు ధైర్యము అక్కరలేదు. నీటిని పరీక్ష చేయించి ఆ ఫలితమును పంచాయతీ గోడపై అతికించుటకు కావలెను. నీళ్లలో ఏమున్నదో తెలిసికొను హక్కు, కార్ఖానాలో చేతితొడుగులు అడుగు హక్కు, భూమి ఎవరికిచ్చుచున్నారో ముందుగా వినుటకు హక్కు, ఇవి భిక్ష గావు.

సేవ యనునది మతమార్పిడికి వేసిన ఎర యని యనువారున్నారు. వారి శంకను నేను తృణీకరింపను. నిబంధన పెట్టి యిచ్చిన మందు సేవ గాదు, వ్యాపారము. కాని ఆ కొలత అందరికి నొకటే గావలెను: ఓటు నిబంధనతో నిచ్చిన బియ్యము గూడ వ్యాపారమే, కులము చూచి పెట్టిన అన్నము గూడ వ్యాపారమే. కుగ్లరు తన విశ్వాసమును దాచుకొనలేదు. ఏలూరు జమీందారు తన మతమును విడువలేదు. ఆసుపత్రియు సత్రమును ఎదురెదురుగా నిలిచి పనిచేసినవి. ఉద్దానమునకు అట్టి యేర్పాటే తగినదని నా నిశ్చితాభిప్రాయము.

కావున నా కోరిక యిది. గుంటూరు, రాజమహేంద్రవరము, సాలూరు లూథరన్ సంఘములు తమ కోతపండుగ నాడు వేలమునకు వచ్చు కానుకల సొమ్ములో ఒక పాలు ఉద్దానమునకు ప్రత్యేకింపవలెను. పూర్వులు గీసికొనిన హద్దులు వ్యాధి యెరుగదు. సోంపేట, టెక్కలి బాప్టిస్టు సంఘములు, బారువ కోటిలింగేశ్వరుని భక్తమండలులు, కాశీబుగ్గ వర్తకులు ఆ సొమ్మునకు తమ వంతు జేర్చి ఊరికొక పెట్టె పెట్టవలెను. ఆ పెట్టెకు నాలుగు తాళములుండవలెను. తాళపుచెవులలో ఒకటి డయాలసిస్ రోగి భార్య చేతను, ఒకటి జీడిపిక్కలు కొట్టు స్త్రీ చేతను, ఒకటి జాలరి చేతను, నాలుగవది మాత్రమే దాతల చేత నుండవలెను. ఆటో బాడుగకు, కోల్పోయిన కూలికి, నీటి పరీక్షకు, పిల్లల పుస్తకములకు ఏది ముందో ఆ నలుగురు నిర్ణయింతురు గాక.

సొమ్ము కూడువరకు ఆగనక్కరలేని పని యొకటి కలదు. డయాలసిస్ సాగునది నాలుగు గంటలు, వారమునకు రెండుమారులు. సోంపేటలో, పలాసలో, కవిటిలో యంత్రము ప్రక్కన ఒక స్టూలు ఖాళీగా నున్నది. ఈ వ్యాసము చదివినవారు, ఏ దేవుని కొలుచువారైనను, ఈ వారము ఒక దినము వెళ్లి దానిపై కూర్చుండుడని వేడుకొనుచున్నాను. ఆ దినమున ఆ యిల్లాలు కూలికి పోగలదు.